తప్పు జవాబు దగ్గరే పాఠం మొదలుపెట్టండి: ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు లెక్కలు చెప్పేవాళ్ల కోసం

మొట్టమొదట చేయాల్సిన పనికి పైసా ఖర్చు లేదు. "అర్థమైందా?" అని అడగడం మానేయాలి, అంతే. మన అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల్లో ఏ జడ్పీ హైస్కూల్లోనైనా ఆ ప్రశ్న వేసి చూడండి, క్లాసు క్లాసంతా ఒక్క గొంతుతో "అర్థమైంది సార్" అంటుంది. అందులో ముందు బెంచీ నలుగురు తప్ప మిగతావాళ్లంతా ఆ నలుగురితో గొంతు కలిపినవాళ్లే. పిల్లలు అబద్ధమాడుతున్నారని నేననను, తమకు అర్థం కాలేదన్న సంగతి చాలామందికి తెలియనే తెలియదు. బోర్డు మీద మీరు చేస్తుంటే అంతా సాఫీగానే కనిపిస్తుంది, ఇంటికెళ్లి నోట్సు తెరిచాకే అసలు కథ.

దానికి బదులు పలకలు తెప్పించండి. చిన్నపిల్లల సామాను అని ఏడో తరగతివాళ్లు మొదటిరోజు నవ్వుతారు, తర్వాత వాళ్లే అడుగుతారు. పలకలు దొరక్కపోతే తెల్లకాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి వైట్‌బోర్డు పెన్నుతో రాయించినా పనవుతుంది. ప్రశ్న వేయండి, అందరూ రాసేదాకా ఆగండి, "ఎత్తండి" అనండి. క్లాసు మొత్తం జవాబులు ఒకేసారి మీ కళ్ల ముందుంటాయి. ఎవరు రాయలేదో, ఎవరు పక్కవాడిది చూసి రాశారో, ఒకే తప్పు ఎంతమంది రాశారో చూడండి. ఈ మూడోది ఉందే, అదే ముఖ్యం. ఒకే తప్పు పది పదిహేను పలకల మీద కనబడిందంటే ఆ పిల్లలందరి తలలో ఒకే తప్పు రూలు కూర్చుని ఉందన్నమాట. దాన్ని కదిలించకుండా అదే పాఠాన్ని మొదటినుంచి ఇంకాస్త గట్టిగా చెప్తే గొంతు పోవడం తప్ప ఒరిగేదేం లేదు.

ఆగడం గురించి ఒక మాట. టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతారని, దాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబులు పొడవవుతాయని, మామూలుగా నోరు విప్పని పిల్లలు కూడా మాట్లాడతారని అమెరికాలో మేరీ బడ్ రో అనే ఆవిడ చాలా ఏళ్ల క్రితమే తరగతి గదుల్లో గమనించి రాసింది. మూడు సెకన్లంటే ఎంత, అనుకుంటాం. క్లాసులో నిలబడి మౌనంగా లెక్కపెడితే తెలుస్తుంది అదెంత పొడుగో. లోపల ఒకటి, రెండు, మూడు అనుకోండి, లేదా కిటికీ దాకా నడిచి వెనక్కి రండి.

ఎలాంటి ప్రశ్న వేయాలి

347 × 6 చేయించారనుకోండి, ఎవరు తప్పో తెలుస్తుంది గానీ ఎందుకు తప్పో తెలియదు. తప్పు జవాబే కారణం చెప్పేసేలా ప్రశ్న ఉండాలి. ఉదాహరణకు "0.5 పెద్దదా, 0.35 పెద్దదా?" అని అడగండి. 0.35 రాసినవాళ్లు చుక్క తర్వాతి అంకెలను మామూలు సంఖ్యలా చదువుతున్నారు, 35 కంటే 5 చిన్నది కదా అని. సరే, 0.5 రాసినవాళ్లను మెచ్చుకుని ముందుకు పోవచ్చా? అప్పుడే వద్దు. వెంటనే "0.4, 0.62" అడగండి. ఇప్పుడు 0.4 పెద్దదన్నవాళ్లు కొందరు బయటపడతారు. వీళ్ల రూలు వేరు: అంకెలు తక్కువుంటే సంఖ్య పెద్దదట, ఎందుకంటే పదోవంతులు వందోవంతుల కంటే పెద్దవని ఎప్పుడో చెప్పారు కదా. మొదటి ప్రశ్నకు వీళ్ల జవాబు కరెక్టే, కారణం మాత్రం తప్పు. ఒక్క ప్రశ్నతో ఆగి ఉంటే వీళ్లను మీరు పట్టుకునేవాళ్లే కాదు.

దశాంశాల దగ్గర ఇంకో చిక్కుంది, క్రికెట్. టీవీలో 4.3 ఓవర్లు అని కనబడితే అది నాలుగు ఓవర్ల మూడు బంతులు, అంటే నాలుగున్నర ఓవర్లు. లెక్కల్లో 4.3 అంటే నాలుగూ పదింట మూడు. పిల్లలు రోజూ చూసేది మొదటిది. 19.5 తర్వాత 20 వచ్చేస్తుంది అక్కడ, 19.6 కనబడదు. దీన్ని తప్పించుకోవద్దు, నేరుగా క్లాసులోకి తెచ్చి "4.3 ఓవర్లలో 36 పరుగులు చేస్తే ఓవర్‌కి ఎన్ని?" అని అడగండి. 36ని 4.5తో భాగిస్తే 8 సరిగ్గా వస్తుంది, 4.3తో భాగించినవాడికి తెగని దశాంశం వస్తుంది. ఆ పీరియడ్‌లో వెనక బెంచీ కూడా వాదిస్తుంది.

రెండో ప్రశ్న: 8 + 4 = □ + 5. డబ్బాలో 12 రాసేవాళ్లుంటారు, 17 రాసేవాళ్లూ ఉంటారు. ఒకటో తరగతి నుంచి సమాన గుర్తు అంటే "ఇక్కడ జవాబు రాయి" అనే ఆజ్ఞగానే చూశారు మరి. అటువైపు ఇటువైపు సమానం అన్న ఆలోచన లేకుండా ఏడో తరగతిలో సమీకరణాలు చెప్తే అదంతా మంత్రమే. అందుకే సమీకరణాల పాఠానికి వారం ముందు నుంచి రోజూ ఐదు నిమిషాలు ఇవి పలకల మీద ఒప్పా తప్పా వేయించండి: 9 = 4 + 5. 7 = 7. 6 + 3 = 5 + 4. మొదటిది తిరగేసి ఉందని తప్పంటారు, రెండోదాంట్లో లెక్కే లేదు కదా సార్ అంటారు. వాదించనివ్వండి. ఇలా రాసే అలవాటును కూడా అప్పుడే మాన్పించాలి: 5 + 3 = 8 × 2 = 16 − 1 = 15. చివరి జవాబు సరిపోయినా మధ్యలో 5 + 3 కూ 15 కూ సమానమని రాసినట్టే. బోర్డు మీద మనమే హడావుడిలో అలా రాసేస్తుంటాం, చూసుకోండి.

ఇక "అవతలికి పోతే గుర్తు మారుతుంది" అనే రూలు. నా మటుకు ఆరు, ఏడు తరగతుల్లో ఆ మాట అసలు వాడకూడదంటాను. 3x = 12 ఇచ్చి చూడండి, x = 12 − 3 = 9 అని రాసేవాళ్లు తేలుతారు. వాళ్లు రూలు తప్పలేదు, మీరు చెప్పిన రూలే పాటించారు, 3 అవతలికి పోయింది, మైనస్ అయింది. కూరగాయల అంగట్లో తక్కెడ చూపించి రెండు పళ్లాల్లోనూ ఒకే పని చేయాలని చెప్పి, ప్రతి మెట్టులో ఏం చేశామో పక్కన రాయించండి: "రెండువైపులా 3తో భాగించాను". కొన్నాళ్లు నెమ్మదిగానే సాగుతుంది. పోర్షన్ టెన్షన్ ఉంటుందని నాకూ తెలుసు, అయినా ఇక్కడ మిగుల్చుకున్న రెండు పీరియడ్లను ఎనిమిదిలో పది పీరియడ్లుగా కట్టాల్సి వస్తుంది.

రుణ సంఖ్యలకు బోరుబావి

పుస్తకాల్లో సున్నాకంటే తక్కువ సంఖ్యలకు చలిప్రదేశాల ఉష్ణోగ్రతలు ఇస్తారు. మన పిల్లలకు 42 డిగ్రీలు తెలుసు, మైనస్ 5 ఎక్కడ చూశారు పాపం. కానీ బోరు తెలియని పిల్లాడు ఉండడు. ఎన్ని అడుగులు వేశారు, ఎక్కడ నీళ్లు పడ్డాయి, మోటరు ఎంత కిందికి దించారు, ఇంట్లో రోజూ నడిచే మాటలే ఇవి. గోడ మీద చాక్‌పీసుతో నిలువుగా గీత గీసి నేలమట్టం దగ్గర 0 వేయండి. పైన వాటర్ ట్యాంకు +30, కింద నీళ్లు −320, మోటరు −450, బోరు అడుగు −600.

మొదటి గొడవ వెంటనే వస్తుంది. "−600 పెద్దది సార్, లోతెక్కువ కదా." ఇక్కడ తొందరపడి జవాబు చెప్పొద్దు. లోతు గురించి అడిగితే 600 పెద్దదే, కానీ మనం ఎత్తు గురించి మాట్లాడుతున్నాం, పైకి పోయేకొద్దీ పెద్దది, అని ఒప్పందం పెట్టుకోండి. నీళ్లు −320 నుంచి −280కి వస్తే రైతుకు సంతోషమా, దిగులా? సంతోషం, నీళ్లు పైకొచ్చాయి కాబట్టి. అంటే −280 పెద్దది. ఇది పిల్లలు మర్చిపోరు.

ఇప్పుడు అసలు చిక్కు, మైనస్ లోంచి మైనస్ తీసేయడం. వానల తర్వాత మట్టం −280, వానల ముందు −320. ఎంత పెరిగింది? నలభై అడుగులని ఎవరైనా నోటితో చెప్పేస్తారు. అప్పుడు రాయించండి: ఇప్పటి మట్టంలోంచి మునుపటి మట్టం తీసేయాలి, −280 − (−320). జవాబు 40 అని ముందే తెలుసు, కాబట్టి రెండు మైనస్‌లు కలిసి ఏం చేయాలో పిల్లలే తేలుస్తారు. ఎండాకాలంలో −280 నుంచి −350కి పడిపోతే? −350 − (−280) = −70. గుణకారానికి కూడా ఇదే గీత చాలు. నీటిమట్టం వారానికి 5 అడుగులు పడిపోతోంది, అంటే −5. మూడు వారాల కిందట, అంటే −3, ఇప్పటికంటే ఎక్కడుండేది? 15 అడుగులు పైన. (−5) × (−3) = +15. "మైనస్ ఇంటు మైనస్ ప్లస్" అని వల్లె వేయించడం దీని తర్వాత చేయండి, దీనికి బదులుగా వద్దు.

భిన్నాలకు ఒక తాడు

రొట్టె బొమ్మ గీసి నాలుగు ముక్కలు చేసి ఒకటి రంగు వేయించడం ఐదో తరగతి దాకా సరిపోతుంది. ఆరులో భిన్నం ఒక సంఖ్య అని తెలియాలి, సంఖ్యారేఖ మీద దానికో చోటుందని తెలియాలి. కిటికీ ఊచకి, తలుపు గొళ్లేనికి మధ్య ఒక సన్నతాడు కట్టండి. ఒక కొస 0, ఇంకో కొస 2. అట్టముక్కల మీద 1, 1/2, 1/3, 1/4, 3/4, 5/4, 2/2, 0.35 రాసి బట్టల క్లిప్పులతో పెట్టించండి. ఒక్కో పిల్లని పిలిచి పెట్టించాలి, మిగతావాళ్లు ఒప్పుకుంటారో లేదో పలక మీద రాయాలి. 1/4ని 1/3కి కుడివైపు పెట్టే పిల్ల తప్పకుండా ఉంటుంది, నాలుగు మూడుకంటే పెద్దది కదా. ఎక్కువమంది 1 ని తాడు చివర పెట్టేస్తారు, 2 అక్కడుందని చూసుకోకుండా. 2/2 కూ 1 కూ ఒకే క్లిప్పు చాలని ఎవరో ఒకరు కనిపెట్టేదాకా మీరు నోరు విప్పకండి.

ఈ తాడు కట్టే ఉంటే కూడికలో మామూలు తప్పు కూడా దానంతటదే దొరుకుతుంది. 1/2 + 1/3 = 2/5 అని రాసినవాడిని తాడు దగ్గరికి పిలిచి 2/5 పెట్టమనండి. 1/2కి ఎడమవైపు పడుతుంది. "ఏమప్పా, అర రొట్టెకి ఇంకా కలిపితే అరకంటే తగ్గిపోయిందే?" అంతే, తర్వాత క.సా.గు. ఎందుకు కావాలో మీరు పాఠంగా చెప్పాల్సిన పని సగం అయిపోయినట్టే.

నేల, వాన, వడ్డీ

వైశాల్యం, చుట్టుకొలత కలిపేసుకోవడం ఎనిమిదిలో కూడా పోదు. కడప బండలు పరిచిన వరండా ఉంటే అక్కడికే తీసుకెళ్లండి, లేకపోతే చదరపు అట్టముక్కలు పన్నెండు చాలు. పన్నెండు బండలతో దీర్ఘచతురస్రాలు పేర్చమనండి. 1 × 12కి చుట్టుకొలత 26, 2 × 6కి 16, 3 × 4కి 14. బండలు అవే, ఖర్చు అదే, చుట్టూ కట్టే గోడ మాత్రం దాదాపు సగానికి పడిపోయింది. ఇది ఒక్క పీరియడ్ పని.

మన ఊళ్లలో నేలను ఎకరాలు, సెంట్లలోనే చెప్పుకుంటారు, పుస్తకంలో హెక్టార్లు ఉంటాయి. ఎకరా 43,560 చదరపు అడుగులు, అందులో నూరోవంతు సెంటు, 435.6. గ్రౌండులో ముగ్గుపిండితో ఒక సెంటు గీయించండి. చతురస్రంగా అయితే భుజం 21 అడుగులకు కొంచెం తక్కువ, వర్గమూలం ఎందుకు కావాలో ఎనిమిదోవాళ్లకు అక్కడే అర్థమవుతుంది. అదే గీతలో వాన లెక్క కూడా చేయొచ్చు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే సరిగ్గా ఒక లీటరు నీళ్లు. సెంటు అంటే దాదాపు 40 చదరపు మీటర్లు, కాబట్టి 25 మి.మీ. వాన పడితే ఆ ముగ్గు గీతల మధ్యనే వెయ్యి లీటర్లు. అనంతపురానికి ఏడాదంతా పడేది సుమారు 550 మి.మీ. మిగతా గుణకారం వాళ్లకు వదిలేయండి.

శాతాలకు శనక్కాయలున్నాయి. కిలో కాయలు వొలిచి గింజలు తూకం వేస్తే నూరు గ్రాముల కాయలకు ఎన్ని గ్రాములొచ్చాయో అదే దిగుబడి శాతం, జట్టుకో పావుకిలో ఇస్తే సరిపోతుంది. తినేయకుండా చూసుకోవడమే కష్టం.

కానీ శాతాల్లో అసలు సరుకు వడ్డీ. పుస్తకంలో "సంవత్సరానికి 12 శాతం" అని ఉంటుంది, ఇంట్లో "రూపాయి వడ్డీ" అంటారు, రెండూ ఒకటేనని పదో తరగతి పాసైనవాళ్లకు కూడా కొందరికి తెలియదు. నూరు రూపాయలకు నెలకు రూపాయి, పన్నెండు నెలలకు పన్నెండు. రెండు రూపాయల వడ్డీ అంటే 24 శాతం. ఇక్కణ్ణించి చక్రవడ్డీకి నోటు తిరగరాయడం ద్వారా వెళ్లండి. ప్రామిసరీ నోటుకు మూడేళ్ల కాలపరిమితి కాబట్టి అప్పు తీరకపోతే మూడేళ్లకు వడ్డీ అసల్లో కలిపి కొత్త నోటు రాయించుకుంటారు. రెండు రూపాయల వడ్డీకి 10,000 తెచ్చారు. మూడేళ్లకు వడ్డీ 7,200, కొత్త నోటు 17,200 అయింది. ఇంకో మూడేళ్లకు దాని మీద వడ్డీ 12,384, మొత్తం 29,584. తిరగరాయకుండా ఉండి ఉంటే ఆరేళ్లకు బారువడ్డీ లెక్కన 24,400 అయ్యేది. ఆ 5,184 తేడా ఎక్కడిదో గుంపులుగా కూర్చుని తేల్చమనండి, సూత్రం చివర్లో రాయండి. ఒక జాగ్రత్త: ఏ పిల్లాడినీ వాళ్లింటి అప్పు గురించి అడగొద్దు, పేర్లు కల్పించిన లెక్కతోనే చేయండి. కొన్ని ఇళ్లలో ఆ నోటు లెక్కగా మిగలదు.

రాత లెక్కలు రానిది చాలాసార్లు లెక్క వల్ల కాదు. అంకెలు కనబడగానే పిల్లలు వాటిని పట్టుకుని కూడేయడమో గుణించేయడమో చేస్తారు. అంకెలు తీసేసి చెప్పండి: "ఒక రైతు కొన్ని బస్తాలు మార్కెట్‌కి తెచ్చాడు, కొన్ని తడిశాయి, మిగతావి అమ్మాడు." ఇందులో ఏమడగొచ్చు, ఏం తెలియాలి? అది నోటితో చెప్పాక అంకెలు ఇవ్వండి.

ఎక్కాలు రాని పిల్లలు ప్రతి క్లాసులో ఉంటారు, ఆరులో ఉంటారు, ఎనిమిదిలో కూడా ఉంటారు. వాళ్లను ఎక్కాలొచ్చేదాకా పక్కన కూర్చోబెట్టడం అన్యాయం. 5, 10, రెట్టింపు తెలిస్తే చాలావరకు లాగేయొచ్చు: ఏడు ఎనిమిదులు కావాలంటే ఏడు నాలుగులు 28, దాన్ని రెట్టింపు చేస్తే 56. బోరు లెక్క చేసేటప్పుడు ఎక్కాల పట్టిక గోడకి ఉంటే తప్పేం లేదు.

వలస వెళ్లి వచ్చిన పిల్లలు

ఇది ట్రైనింగుల్లో పెద్దగా చెప్పరు. కర్నూలు జిల్లాలో కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు వైపు పనిచేసేవాళ్లకు తెలుసు, సీజన్ వస్తే మిరపకోతలకు గుంటూరు వైపు కుటుంబాలు కుటుంబాలే వెళ్లిపోతాయి, అనంతపురం పల్లెల నుంచి బెంగళూరుకి. పిల్లలు నెలల తరబడి ఉండరు, తిరిగొచ్చేసరికి రెండు మూడు పాఠాలు దాటిపోయి ఉంటాయి. ఆ పాఠాలన్నీ వాడికి వరసగా మళ్లీ చెప్పడం ఎవరి వల్లా కాదు. మీరు రోజూ వేసే పలక ప్రశ్నలను ఒక నోటుబుక్కులో తేదీ వేసి పెట్టుకోండి. వచ్చినవాడికి మొదటిరోజు అందులోంచి పది ఇస్తే ఏ రూలు దగ్గర పడిపోతున్నాడో తెలుస్తుంది, అంతకుమించి పరీక్ష పెట్టొద్దు. భిన్నాలు, రుణ సంఖ్యలు పోతే అవి ముందు చెప్పండి, సమీకరణాలు వాటి మీదే నిలబడతాయి. జ్యామితి, దత్తాంశ నిర్వహణ లాంటివి తర్వాత చూసుకోవచ్చు, వాటికి వెనకటి పాఠాలు అంతగా అక్కర్లేదు. మిరపకోతల్లో కూలి కిలోల లెక్కన ఇస్తారో రోజు లెక్కన ఇస్తారో వాడికి మీకంటే బాగా తెలిసి ఉంటుంది, అనుపాతం పాఠం వచ్చినరోజు బోర్డు దగ్గరికి వాణ్నే పిలవండి.